ఆటల్లో కెరీర్ కావాలంటే ఏం చదవాలి? ఎలా మొదలుపెట్టాలి?

ఎండాకాలంలో హైదరాబాద్ జీహెచ్‌ఎంసీ గ్రౌండ్లలో సమ్మర్ కోచింగ్ క్యాంపులు మొదలయ్యాయంటే చాలు, నన్ను వెతుక్కుంటూ ఇద్దరు ముగ్గురు తండ్రులు వస్తారు. అడిగే ప్రశ్న ఒకటే. "మావాడికి ఆటలంటే పిచ్చి సార్. ఇంటర్ అయిపోయింది. ఈ లైన్లో ఏమన్నా చదివిస్తే అన్నం దొరుకుతుందా?"

దొరుకుతుంది. కాకపోతే ఆడటం వేరు, ఆడించడం వేరు. ఈ చదువంతా రెండో దాని గురించే. సిక్సర్లు కొట్టేవాడికి ఇది నచ్చకపోవచ్చు. తొండి లేకుండా రెండు టీములు వేసి, ఎవరూ అలగకుండా ఆట నడిపించే కుర్రాడు ప్రతి గల్లీలో ఒకడు ఉంటాడు. ఇది వాడి కోసం.

1. ముందు మనుషులను ఎంచుకోండి, కోర్సును కాదు

రోజంతా ఎవరితో గడపగలరో ఆలోచించండి. బడి పిల్లలతోనా? పతకాల కోసం పరిగెత్తే వాళ్ళతోనా? నడుము నొప్పితో జిమ్‌కు వచ్చే ఐటీ ఉద్యోగులతోనా? మోకాలి ఆపరేషన్ అయి మళ్ళీ నడక నేర్చుకునే వాళ్ళతోనా? ఈ నలుగురికీ నాలుగు దారులు. మొదటిది వ్యాయామ విద్య, రెండోది కోచింగ్, మూడోది ఫిట్‌నెస్, నాలుగోది ఫిజియోథెరపీ. బైపీసీ చదవకుండా నాలుగో దారిలోకి వెళ్ళడం కష్టం కాబట్టి, పదో తరగతి పిల్లలు ఉన్న ఇంట్లో ఈ మాట ఇంటర్‌కు ముందే అనుకోవాలి. చాలామంది ఇంటర్ అయ్యాక వచ్చి అడుగుతారు.

2. ఫీజు కట్టే ముందు రెండు వారాలు గ్రౌండ్‌లో పనిచేయండి

లాల్ బహదూర్ స్టేడియం, సరూర్‌నగర్, యూసుఫ్‌గూడ, గచ్చిబౌలి, ఉస్మానియా గ్రౌండ్స్... మీకు దగ్గరున్న చోటికి ఉదయం 5 గంటలకల్లా వెళ్ళండి. అక్కడి కోచ్‌తో "అన్నా, రెండు వారాలు ఊరికే సాయం చేస్తాను" అనండి. కాదనేవాళ్ళు తక్కువ. కోన్లు పెట్టడం, బంతులకు గాలి కొట్టడం, పిల్లల హాజరు తీసుకోవడం మీ పని. ఈ ఉద్యోగాల్లో పొద్దున మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు పని ఉంటుంది. మధ్యాహ్నం ఖాళీ. పండగలకూ ఆదివారాలకూ టోర్నమెంట్లు. ఆ బతుకు మీ ఒంటికి పడుతుందో లేదో రెండు వారాల్లో తెలిసిపోతుంది.

ఆ రెండు వారాల్లో ఒక పని తప్పకుండా నేర్చుకోండి. కోర్టు గీయడం. చిన్నపనిలా కనిపిస్తుంది కానీ, కొత్తగా చేరిన పీఈటీ (బడిలో ఆటల మాస్టారు) పరువు నిలబెట్టేదీ తీసేదీ ఇదే. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ముందు ఒక మూలలో మేకు దిగ్గొట్టండి. అక్కడి నుంచి పొడవు వైపు 4 మీటర్లు, వెడల్పు వైపు 3 మీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు ఉంటే మూలమట్టం కుదిరినట్టు. తాపీ మేస్త్రీలు చేసేదీ ఇదే. నాలుగు మూలలూ అయ్యాక ఐమూలగా కొలవండి, రెండు వైపులా 20.12 మీటర్లు రావాలి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గిందంటే కోర్టు వంకరపోయింది. అప్పుడే సున్నం వేయకండి, పురికొస లాగి మళ్ళీ సరిచేయండి. మధ్య గీతకు రెండు వైపులా 3 మీటర్ల దగ్గర అటాక్ లైన్ వస్తుంది. నెట్ ఎత్తు మగవాళ్ళకు 2.43 మీటర్లు, ఆడవాళ్ళకు 2.24. ఇది వచ్చాక ఖో-ఖో, కబడ్డీ కోర్టులు పెద్ద లెక్క కాదు. 400 మీటర్ల ట్రాక్ మీద రెండో లేన్ వాణ్ని 7.04 మీటర్లు ముందు ఎందుకు నిలబెడతారో కూడా ఓపిక ఉంటే లెక్క కట్టి చూడండి. లెక్కలంటే భయపడి ఆటల్లోకి వచ్చామనేవాళ్ళకు ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది.

3. కోర్సుల సంగతి

బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే ఇంటర్ తర్వాత డీపీఈడీ (వ్యాయామ విద్యలో డిప్లొమా), లేదా డిగ్రీ తర్వాత బీపీఈడీ (అందులోనే బ్యాచిలర్ డిగ్రీ). రెండూ రెండేళ్ళ కోర్సులే. తెలంగాణలో వీటికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 'రాయాలి' అంటాం కానీ అందులో పెన్ను పని లేదు, దాని గురించి కింద చెబుతాను. డీఎస్సీలో పీఈటీ పోస్టులకు డీపీఈడీ, స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టులకు బీపీఈడీ అడుగుతారు. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ), దాని మీద లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ లేదా సెట్. నగరంలో ఉస్మానియా యూనివర్సిటీలోనూ, దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాలలోనూ ఈ చదువు ఉంది. నా సలహా అడిగితే, ఇంటర్ కాగానే డీపీఈడీలోకి దూకేకంటే ఏదో ఒక డిగ్రీ పూర్తిచేసి బీపీఈడీకి రావడం మంచిది. తర్వాత తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. ఇంట్లో వెంటనే సంపాదన అవసరం ఉంటే మాత్రం ఆ సలహా పక్కన పెట్టేయండి.

కోచింగ్ వైపు వెళ్ళేవాళ్ళు ఎన్‌ఐఎస్ పేరు వినే ఉంటారు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ అది, 1961లో మొదలైంది. అక్కడ ఏడాది పాటు నడిచే డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. రెండూ చేసినవాళ్ళు అకాడమీ బోర్డు మీద 'ఎన్‌ఐఎస్ కోచ్' అనే రాసుకుంటారు. ఉద్యోగమిచ్చేవాళ్ళు మాత్రం తేడా చూస్తారు. డిప్లొమాకు వెళ్ళాలంటే మీరు ఆ ఆటలో ఒక స్థాయి దాకా ఆడి ఉండాలి. పైస్థాయిలో ఆడనివాళ్ళకు ఆరు వారాల కోర్సు మంచి మొదటి మెట్టు. వ్యాయామ విద్య కోసమే గ్వాలియర్‌లో 1957 నుంచి నడుస్తున్న లక్ష్మీబాయి సంస్థ ఉంది. ఇల్లు వదిలి వెళ్ళగలిగితే దాని నోటిఫికేషన్ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

పెద్ద ఆటగాళ్ళే పెద్ద కోచ్‌లు కావాలన్న రూలేమీ లేదు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి కోచ్ అయ్యారు, నిజమే. అయితే భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసిన మనిషి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీలోని పరుగును గుర్తించింది కోచ్ నాగపురి రమేశ్. ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. కోచ్‌కు ముందు కావలసింది అలాంటి కన్ను.

ఫిజియోథెరపీ అంటే బీపీటీ అనే డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళ పైమాటే. నిమ్స్‌లోనూ ఉంది. ఇక పోషకాహారం వైపు ఆసక్తి ఉంటే తార్నాక దాకా వెళ్తే చాలు. కూనూర్‌లో 1918లో చిన్న ప్రయోగశాలగా మొదలై తర్వాత ఇక్కడికి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎంఎస్సీ ఉంది. దానికి సైన్స్ డిగ్రీ కావాలి. ఈ దారిలో పోటీ ఇంకా తక్కువనే నా అభిప్రాయం.

4. పీఈసెట్‌కు ఒంటిని సిద్ధం చేయండి

ఇందులో రాతపరీక్ష ఉండదు. 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, మగవాళ్ళకు 800 మీటర్లు, ఆడవాళ్ళకు 400 మీటర్ల పరుగు ఉంటాయి. ఇవి కాక ఎంచుకున్న ఒక ఆటలో నైపుణ్య పరీక్ష. సాధారణంగా జూన్ ప్రాంతంలో పెడతారు. ఎండా ఉంటుంది, ఒక్కోసారి వానా ఉంటుంది.

కనీసం నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. వారంలో రెండు రోజులు వేగం: 30, 60 మీటర్ల పరుగులు, మధ్యలో పూర్తిగా ఊపిరి తీసుకుని. ఇంకో రెండు రోజులు 800 కోసం 200 మీటర్ల ముక్కలుగా. ఒక రోజు జంప్, షాట్‌పుట్. ఒక రోజు మీ ఆట. ఒక రోజు ఏమీ చేయకండి. ఆ ఏమీ చేయని రోజును చాలామంది ఎగ్గొట్టి, పరీక్షకు పది రోజుల ముందు తొడ వెనక కండరం పట్టేసి కూర్చుంటారు. షాట్‌పుట్‌లో బలం కన్నా కాళ్ళ పని ముఖ్యం. గుండును బంతిలా విసిరితే భుజం పోతుంది. మెడకు ఆనించుకుని నెట్టాలి. ఇది వీడియో చూసి కాకుండా తెలిసినవాళ్ళ ముందు నేర్చుకోండి. కొత్త స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) పరీక్ష రోజే మొదటిసారి వేసుకోకండి, అరికాళ్ళ బొబ్బలతో 800 పరిగెత్తినవాణ్ని చూశాను.

5. శరీర శాస్త్రాన్ని కదలికతో కలిపి చదవండి

అనాటమీ అనగానే టెన్షన్ పడేవాళ్ళే ఎక్కువ. పేర్లు బట్టీ పడితే వారంలో మరిచిపోతారు. ఒక గుంజీ తీసి, ఏది పనిచేస్తోందో చేత్తో తాకి చూడండి. తొడ ముందు గట్టిపడేది క్వాడ్రిసెప్స్, నాలుగు కండరాల గుంపు. తొడ వెనక ఉన్నవి హామ్‌స్ట్రింగ్స్, మూడు. పైకి లేస్తున్నప్పుడు పిరుదులు బిగుస్తాయి కదా, అది గ్లూటియస్. ఇలా రోజుకు ఒక కదలిక చొప్పున నోట్‌బుక్‌లో రాసుకుంటే రెండు నెలల్లో సగం పుస్తకం మీదే.

తర్వాత గుండె లెక్క. గరిష్ఠ గుండె వేగానికి వాడుకలో ఉన్న సూత్రం 220లోంచి వయసు తీసేయడం. నలభై ఏళ్ళ మనిషికి 180. అందులో 60 నుంచి 70 శాతం అంటే నిమిషానికి 108 నుంచి 126. కొత్తగా మొదలుపెట్టిన ఆరోగ్యవంతుడికి అది సరిపోతుంది. అయితే ఇది అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ పది పైన తేడా రావచ్చు. బీపీ మందులు వేసుకునేవాళ్ళలో కొందరికి ఈ లెక్క అసలే పనిచేయదు, ఆ మందులు గుండె వేగాన్నే తగ్గిస్తాయి. అందుకే కేబీఆర్ పార్కులో నడిచే పెద్దవాళ్ళకు నేను వాచీ చూడమని చెప్పను. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కొలత వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాల పని.

గ్రౌండ్లలో తిరిగే అబద్ధాలను కూడా గుర్తుపట్టడం నేర్చుకోండి. వ్యాయామం చేసిన రెండో రోజు వచ్చే నొప్పులకు లాక్టిక్ యాసిడ్ కారణం అంటారు. అది గంట, రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్ళిపోతుంది. రెండో రోజు నొప్పి, అలవాటు లేని పనికి కండరం లోపల ఏర్పడే అతి చిన్న గాయాల వల్ల వచ్చేది.

6. జిమ్ వైపు వెళ్తుంటే

ఈ నగరంలో ఉద్యోగం త్వరగా దొరికేది ఇక్కడే. కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో జిమ్ లేని గేటెడ్ కమ్యూనిటీ అరుదు. అందుకే సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు కూడా ఎక్కువయ్యాయి. వారాంతంలో రెండు రోజులు కూర్చోబెట్టి ఇచ్చే కాగితానికి డబ్బు పోయకండి. స్కిల్ ఇండియా కింద క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి ప్రత్యేకంగా ఒక స్కిల్ కౌన్సిల్ ఉంది, దాని కోర్సులతో మొదలుపెట్టవచ్చు. డబ్బు ఉంటే ఏస్, నాస్మ్ లాంటి అంతర్జాతీయ పరీక్షలు. ఆటగాళ్ళకు బలం పెంచే స్ట్రెంగ్త్ కోచ్ కావాలంటే సీఎస్‌సీఎస్ అనే సర్టిఫికెట్ ఉంది, దానికి డిగ్రీ తప్పనిసరి.

మొదటి నెలలోనే మీ దగ్గరికి ఒకరు వచ్చి, "చెల్లి పెళ్ళి ఉంది సార్, నెలలో పది కిలోలు తగ్గాలి" అంటారు. కుదరదని నవ్వుతూ చెప్పడం ఏ సర్టిఫికెట్‌లోనూ నేర్పరు. రెండు, మూడు కిలోలు నిలకడగా తగ్గిద్దాం అనండి. సగం మంది ఉంటారు. ఇంజెక్షన్లు, గుర్తుతెలియని పౌడర్లు అమ్మి కమీషన్ తీసుకోమనే ఓనర్ దగ్గర ఒక్క రోజు కూడా ఉండకండి.

ఏ దారిలో వెళ్ళినా సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) నేర్చుకోండి, మనిషి బొమ్మ మీద చేత్తో చేసి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. నొక్కడం మొదలుపెట్టే ముందే పక్కవాళ్ళతో 108కి ఫోన్ చేయించండి.

7. జీతం, కాగితాలు

నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేట్ అకాడమీలో. నోటి మాట మీద చేరాను. మూడు నెలలు పిల్లల ఫీజులు వచ్చాయి, నా జీతం మాత్రం 'వచ్చే వారం' అవుతూ పోయింది. చివరికి రెండు నెట్లు, ఒక బంతుల సంచీ ఇచ్చి లెక్క సరిపెట్టారు. కాబట్టి జీతం ఎంత, ఏ తారీఖున, టోర్నమెంట్‌కు తీసుకెళ్తే దారి ఖర్చు ఎవరిది, పిల్లాడికి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అనే నాలుగు ముక్కలు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

స్కూల్లో ఆడిన ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మీట్ల నుంచి యూనివర్సిటీ టీం దాకా ప్రతి సర్టిఫికెట్‌నూ ఒక ఫైల్లో పెట్టండి. స్పోర్ట్స్ కోటాకూ, అడ్మిషన్‌కూ అవే ఆధారం. పేరు మెమోలో ఉన్నట్టే ఉందో లేదో సర్టిఫికెట్ చేతికిచ్చిన రోజే చూసుకోండి. ఇంటిపేరు పొట్టిగా రాశారని పదేళ్ళ తర్వాత ఆ టోర్నమెంట్ సెక్రటరీని వెతుక్కోవడం నరకం. లామినేషన్ మాత్రం చేయించకండి. వెరిఫికేషన్ రోజున వెనక స్టాంపు వేయడానికి అధికారికి చోటు ఉండాలి.