పెరట్లో కోన్‌ఫ్లవర్ పెంపకం: ఎండ ఎక్కువ, తడి తక్కువ

అమెరికా మధ్య, తూర్పు రాష్ట్రాల గడ్డిమైదానాల్లోనూ అడవుల అంచుల్లోనూ సహజంగా పెరిగే ఎకినేసియా పర్పురియా అనే మొక్కనే అక్కడి నర్సరీలు ఊదారంగు కోన్‌ఫ్లవర్‌గా అమ్ముతాయి. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానికే చెందినది. రెండు నుంచి నాలుగు అడుగుల ఎత్తు పెరిగి, వేసవి పొడవునా పూసి, చలికాలంలో నేలమట్టానికి ఎండిపోయి, వసంతంలో అదే వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో బెండ, తోటకూర పండించుకుంటున్న తెలుగువారికి దీన్ని పెంచడం ఏమాత్రం కష్టం కాదు. అయితే కూరగాయల మళ్లకు చేసే సేవ దీనికి చేయకూడదు. రోజూ పోసే నీరూ, తరచూ వేసే ఎరువూ దీనికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి.

రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగిలే చోటును ఎంచుకోవాలి. టెక్సాస్ వంటి వేడి ప్రాంతాల్లో మధ్యాహ్నం తరువాత కాస్త నీడ పడినా ఫరవాలేదు. ఎండ కన్నా ముఖ్యమైనది నీరు ఇంకే నేల. చలికాలంలో వేరు దగ్గర నిలిచిన తడి ఈ మొక్కను చంపినంతగా మంచు చంపదు. అందువల్ల నాటే ముందు అడుగు లోతు గొయ్యి తీసి, నీటితో నింపి, అది ఇంకిన తరువాత మరోసారి నింపి చూడాలి. రెండోసారి పోసిన నీరు గంటల తరబడి అలాగే నిలిచి ఉంటే అది బంకమట్టి నేల అని గ్రహించి, కంపోస్టు కలిపి మడిని కొన్ని అంగుళాలు ఎత్తు చేసి నాటుకోవాలి.

విత్తనంతో మొదలుపెట్టేవారికి సులువైన దారి శరదృతువు చివర మడిలోనే చల్లి, పైన పలుచగా మట్టి కప్పి వదిలేయడం. మిగిలిన పని చలికాలమే చేస్తుంది. ఇంట్లో నారు పోయదలచుకుంటే విత్తనాలను తడి ఇసుకలో కలిపి నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆపైన విత్తితే మొలక సమంగా వస్తుంది. మొదటి ఏడాది చాలా మొక్కలు ఆకులతోనే సరిపెడతాయి, పూత రెండో ఏట వస్తుంది. ఆ ఆలస్యం చూసి ఎరువు పెంచడం తగదు. మొక్కకూ మొక్కకూ 18 నుంచి 24 అంగుళాల ఎడం ఇస్తే గాలి ఆడి, ఆకులకు బూడిద తెగులు పట్టడం తగ్గుతుంది.

రకాల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: మొదటిసారి పెంచేవారు ఊదారంగు మూలరకాన్నిగాని, 1998లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ ఆ ఏటి మేటి మొక్కగా ఎంపిక చేసిన 'మాగ్నస్' రకాన్నిగాని తీసుకోవడం మంచిది. నారింజ, పసుపు రంగుల సంకరాలు కంటికి ఇంపుగా ఉన్నా వాటిలో చాలావరకు కొన్నేళ్లకే క్షీణిస్తాయి, వాటి విత్తనం నుంచి తల్లిని పోలిన మొక్కా రాదు. ముద్దగా పూసే రకాల్లో తేనెటీగలకు దక్కేది బహు తక్కువ.

నాటిన మొదటి వేసవిలో వారానికి ఒకటి రెండుసార్లు వేరు తడిసేలా నీరు పోయాలి. వేరూనుకున్న తరువాత దీర్ఘకాలం వాన లేనప్పుడు మాత్రమే పోస్తే చాలు. వసంతంలో ఒక పలుచని పొర కంపోస్టు మించి ఎరువు అక్కరలేదు. నత్రజని ఎక్కువైతే కాడలు సన్నగా సాగి వాలిపోతాయి.

తెగుళ్లలో నిజంగా భయపడవలసింది ఆస్టర్ యెల్లోస్ ఒక్కటే. నువ్వు చేలలో వెర్రి తెగులు చూసినవారు దీన్ని వెంటనే పోల్చుకుంటారు: రేకులు ఆకుపచ్చగా మారి, పువ్వు నడుమ నుంచి ఆకుల్లాంటి పిలకలు పుట్టుకొస్తాయి. రెండింటికీ కారణం ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా తరహా సూక్ష్మజీవే, రెండింటినీ వ్యాపింపజేసేవి ఆకుల రసం పీల్చే దీపపు పురుగులే. దీనికి మందు లేదు. క్యారెట్, లెట్యూస్ వంటి కూరగాయలకూ సోకుతుంది కాబట్టి మొక్కను వేరుతో సహా పీకి పారేయాలి. అయితే పువ్వు నడిమి దిబ్బ మీద మాత్రమే వికృతమైన కుచ్చులు కనిపించి, మిగతా మొక్క ఆరోగ్యంగా ఉంటే అది కంటికి కనబడని నల్లి చేసిన పని కావచ్చు. అప్పుడు ఆ పూలను తుంచి పారేస్తే సరిపోతుంది. ఈ తేడా తెలియక మంచి మొక్కలను పీకేయకూడదు. జపనీస్ పెంకు పురుగులను ఉదయపు చల్లదనంలో సబ్బునీళ్ల గిన్నెలోకి దులిపేయడమే మేలు, ఎందుకంటే పూత మీద మందు కొడితే తేనెటీగలూ సీతాకోకచిలుకలూ చస్తాయి.

వాడిన పూలను ఆకు ఉన్న కణుపు దాకా కత్తిరిస్తూ ఉంటే కొత్త మొగ్గలు వస్తాయి. ఆగస్టు దాటాక మాత్రం కత్తెర పక్కన పెట్టాలి: ఎండిన తలల్లోని గింజల కోసం గోల్డ్‌ఫించ్ పిట్టలు వస్తాయి, రాలిన గింజలు మరుసటి ఏడు మొలుస్తాయి. ఎండు కాడలు చూడడానికి బాగోలేవని తొందరపడి నరకకుండా, వసంతంలో ఒక అడుగు మోడు మిగిల్చి కోస్తే కొన్ని రకాల ఒంటరి తేనెటీగలు ఆ కాడల్లో గూడు కట్టుకోగలవు. కుదురు బాగా గుబురై పూత తగ్గితే నాలుగేళ్లకోసారి, వసంతారంభంలో, తవ్వి వేర్లతో సహా విడదీసి నాటుకోవచ్చు. అంతకన్నా తరచుగా కదిలిస్తే మొక్క సహించదు.