అణువు కంపనాన్ని లేజర్‌తో చూడాలంటే: అయొడిన్‌తో మొదలుపెట్టండి

అణువు లోపలి కదలికను పట్టుకోవాలని ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది ముందు అడిగేది, బాగా వేగమైన డిటెక్టర్ ఏదని. అది అక్కర్లేదు. మామూలు ఫోటోమల్టిప్లయర్ (బలహీనమైన కాంతిని కూడా పట్టే డిటెక్టర్) చాలు, ఎందుకంటే ఇక్కడ కాలాన్ని కొలిచేది డిటెక్టర్ కాదు, అద్దం జరిగిన దూరం. కాంతి ఒక ఫెమ్టోసెకండులో (సెకండులో వెయ్యి లక్షల కోట్లవ వంతు) 0.3 మైక్రోమీటర్లు వెళ్తుంది, కాబట్టి ఆ అద్దాన్ని మోసే డిలే స్టేజ్‌ను 1 మైక్రోమీటరు వెనక్కి జరిపితే పోను రాను కలిపి ఆ పల్స్ సుమారు 6.7 ఫెమ్టోసెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. డబ్బు పెట్టదలిస్తే ఆ స్టేజ్ మీద పెట్టండి.

పద్ధతి పేరు పంప్-ప్రోబ్. పంప్ పల్స్ కదలికను మొదలుపెడుతుంది, కాస్త ఆలస్యంగా వచ్చే ప్రోబ్ ఆ క్షణంలో అణువు ఎలా ఉందో చెబుతుంది, ఆలస్యాన్ని మారుస్తూ పోతే గ్రాఫ్ తయారవుతుంది. ఇలా రసాయన చర్యలను చూపించినందుకే అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

మొదటి ప్రయోగానికి అయొడిన్ ఆవిరిని మించింది లేదు. క్వార్ట్జ్ కిటికీలున్న సెల్‌లో నాలుగు పలుకులు వేసి, గాలి తీసేసి మూసేస్తే గది వేడికే సరిపడా ఆవిరి వస్తుంది. పంప్‌కు 620 నానోమీటర్లు, అందులోంచే కొంత చీల్చి బీబీఓ (బేరియం బోరేట్) క్రిస్టల్‌లో దాని పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే ప్రోబ్‌కు 310. రెండూ ఒకే పల్స్ నుంచి పుట్టాయి కాబట్టి టైమింగ్ కలపడానికి వేరే ఎలక్ట్రానిక్స్ పని లేదు. పంప్ లేపిన స్థితిలో అయొడిన్ ఒకసారి సాగి ముడుచుకోవడానికి దాదాపు 300 ఫెమ్టోసెకండ్లు పడుతుంది. హైడ్రోజన్ అయితే 8 లోపే అయిపోతుంది, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

పల్స్ ఎంత పొట్టిగా ఉండాలన్నది కెమెరా షట్టర్ లెక్క మాత్రమే అనుకోకండి. ఒక్క కంపన స్థాయిని (అణువు కంపనానికి ఉండగల నిర్దిష్ట శక్తుల్లో ఒకదాన్ని) మాత్రమే ఉత్తేజపరిస్తే ఎంతసేపు చూసినా ఏదీ కదలదు. కనీసం రెండు స్థాయిలు ఒకేసారి కలవాలి, అప్పుడే వాటి మధ్య తేడా వల్ల వేవ్‌ప్యాకెట్ (ఆ స్థాయిల తరంగాలు కలిసిన ముద్ద) అటూ ఇటూ ఊగుతుంది. పల్స్ పొట్టిదయ్యేకొద్దీ దాని రంగుల పరిధి పెరుగుతుంది కాబట్టి 50 ఫెమ్టోసెకండ్ల పల్స్ రెండు మూడు స్థాయిలను హాయిగా పట్టేస్తుంది.

అసలు టెన్షన్ టైమ్ జీరో, అంటే రెండు పల్సులూ ఒకేసారి చేరే స్టేజ్ స్థానం, వెతకడంలోనే. రెండు కిరణాల దారుల పొడవులో 1 సెంటీమీటరు తేడా ఉంటే 33 పికోసెకండ్లు (ఒక్కోటి వెయ్యి ఫెమ్టోసెకండ్లు) పోయినట్టే, మీరు వెతికే సిగ్నల్ (ప్రోబ్ తగిలాక అణువు వెలువరించే కాంతి) స్కాన్‌లోకే రాదు. ముందు టేపుతో కొలవండి, తర్వాత ఫాస్ట్ ఫోటోడయోడ్‌తో దగ్గరకు తెచ్చుకోండి, చివర్లో సెల్ ఉండాల్సిన చోట పలుచని నాన్‌లీనియర్ క్రిస్టల్ పెట్టి, రెండు పల్సులూ ఒకేసారి తాకితేనే పుట్టే మూడో రంగు కాంతిని పట్టుకోండి. దాని ముందు సెల్ కిటికీ అంత మందం క్వార్ట్జ్ పలక ఉంచడం మర్చిపోవద్దు, 310 పల్స్ అందులోంచి వెళ్లేటప్పుడు కాస్త సాగుతుంది, ఆలస్యం కూడా అవుతుంది.

ఈ పని మొత్తం తగిన కళ్లద్దాలతో, ఉంగరం, వాచీ తీసేసి చేయండి. కిరణం ఎత్తుకు కళ్లు దించకండి. 310 కంటికి కనిపించదు, కానీ కంటిని కాలుస్తుంది.

ఇక స్కాన్. స్టేజ్‌ను 3 మైక్రోమీటర్ల చొప్పున, అంటే 20 ఫెమ్టోసెకండ్ల అడుగులతో, మొత్తం 1.5 మిల్లీమీటర్లు జరిపితే 10 పికోసెకండ్ల సినిమా వస్తుంది. చాపర్‌తో (కిరణాన్ని ఆపుతూ వదులుతూ తిరిగే చక్రం) పంప్ పల్సులను ఒకటి విడిచి ఒకటి ఆపి తేడా తీసుకోండి, లేకపోతే చెదిరిన ప్రోబ్ కాంతే సిగ్నల్‌ను మింగేస్తుంది. రెండు కిరణాల ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) మధ్య 54.7 డిగ్రీలు పెడితే అణువులు తిరగడం వల్ల వచ్చే మార్పు చాలావరకు పోతుంది.

గ్రాఫ్‌లో ఊగుడు కాసేపటికి మాసిపోతే అణువు ఆగిపోయిందని కంగారు పడకండి. స్థాయిల మధ్య దూరాలు సమానంగా ఉండవు, అందుకే వేవ్‌ప్యాకెట్ చెదురుతుంది. స్కాన్ పొడిగిస్తే మళ్లీ కూడుకోవడం కూడా చూడొచ్చు. నాకైతే ఈ ప్రయోగం మొత్తంలో ఇదే ముచ్చటైన భాగం, క్వాంటమ్ అన్న మాటకు అర్థం ఇక్కడే కనబడుతుంది. అదే డేటాకు ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ (ఊగుడులో ఏయే పౌనఃపున్యాలున్నాయో విడదీసే లెక్క) చేస్తే స్థాయిల మధ్య తేడాలు శిఖరాలుగా వస్తాయి. స్కాన్ ఎంత పొడవుంటే అవి అంత సన్నబడతాయి.

డేటాను నమ్మేముందు పంప్ శక్తిని సగం చేసి చూడండి. సిగ్నల్ కూడా సగమైతే సరే. నాలుగో వంతుకు పడిపోతే అణువు రెండు ఫోటాన్లు మింగుతోందని అర్థం, శక్తి తగ్గించి మళ్లీ స్కాన్ తీయండి.