బౌల్ గేమ్ చిత్తుగా ఓడిపోతే రివ్యూ ఎలా చేసుకోవాలి

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచే బౌల్ గేమ్. మీ టీమ్ అందులో చిత్తుగా ఓడితే ముందు స్కోర్ పక్కన పెట్టండి, ఆ రోజు గ్రౌండ్‌లోకి దిగనిది ఎవరో చూడండి. 2023 డిసెంబర్ 30న ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63-3తో జార్జియా చేతిలో చిత్తయింది, బౌల్ గేమ్స్‌లో అంత తేడాతో అప్పటిదాకా ఎవరూ ఓడలేదు. కానీ అది 13-0తో వచ్చిన టీమ్ అండి! క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపించే ప్లేయర్) జోర్డాన్ ట్రావిస్ కాలికి నవంబర్‌లోనే దెబ్బ తగిలింది, ఛాంపియన్‌షిప్ కోసం ఆడే టీమ్‌లని ఎంచుకునే ప్లేఆఫ్ కమిటీ ఆ టీమ్‌ని పక్కన పెట్టేసింది (అది అన్యాయమే అంటాను నేను), ఆ తర్వాత 20 మందికి పైగా ప్లేయర్లు ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్ అనో వేరే కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అనో గాయం అనో ఆడనేలేదు, చివరికి ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు) బ్రాక్ గ్లెన్ క్వార్టర్‌బ్యాక్‌గా స్టార్ట్ చేయాల్సొచ్చింది.

కాబట్టి ఇలాంటి మ్యాచ్ చూసి కోచ్‌ని తిట్టేముందు ప్లేయర్ల లిస్ట్ రెండు భాగాలు చేస్కోండి, వచ్చే సీజన్‌లో ఉండేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. ఉండేవాళ్ళ ఆటే రీప్లేలో చూడండి. ఆ ఆరెంజ్ బౌల్‌లో హాఫ్‌టైమ్‌కే 42-3, అందుకని సెకండాఫ్ నంబర్లు పెద్దగా పట్టించుకోవద్దు. ఫస్టాఫ్‌లో లైన్‌మెన్ (ముందు వరసలో ఎదుటివాళ్ళని అడ్డుకునేవాళ్ళు) ఎక్కడ వెనక్కి నెట్టించుకున్నారు, థర్డ్ డౌన్‌లో (పది గజాలు ముందుకెళ్ళడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఏం చేశారు, ట్యాకిల్స్ ఎవరు మిస్ చేశారు, అవి రాసుకోండి చాలు. మ్యాచ్ అయిన రాత్రే మాత్రం వద్దు, రెండ్రోజులు ఆగండి.