ఇంట్లో ఈల్ పెంపకం – 6వ పాఠం: మూత దగ్గరికే మళ్లీ

పగడాల మధ్య ఈల్‌ని (పాములా పొడవుగా ఉండే చేపని) ఎలా ఉంచాలో ఈసారి చెప్తానని పోయిన పాఠం చివర రాశాను. అది కొంచెం వెనక్కి పోతుంది. ఈ పదిహేను రోజుల్లో నలుగురు ఇంచుమించు ఒకే మాట రాశారు: "పొద్దున లేచి చూస్తే ట్యాంకులో లేదండీ." ఇద్దరికి నేల మీద దొరికింది, బతికింది. ఒకరికి కింద సంప్‌లో (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రపడే తొట్టి), స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) వెనక చుట్టుకుని కనిపించింది. నాలుగోది సోఫా కింద ఎండిపోయి దొరికింది. వాళ్ల పాప ఆ పూట అన్నం ముట్టలేదని తండ్రి రాశారు.

ఇందులో నా తప్పు ఉంది. 5వ పాఠంలో "మూత బిగుతుగా ఉండాలి" అని ఒక్క వాక్యం రాసి తిండి మీదికి వెళ్లిపోయాను. బిగుతు అంటే నాకు తెలిసింది వేరు, మీరు అనుకున్నది వేరు. నలుగురూ మూత పెట్టారు. నలుగురూ ఎక్కడో ఒకచోట కాస్త దారి వదిలారు. అది వెళ్లింది ఆ దారి నుంచే.

మనం పెంచుతున్నది స్నోఫ్లేక్ మోరే అనే సముద్రపు ఈల్. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, వాటి మధ్య పసుపు చుక్కలు. కొన్నప్పుడు జానెడున్నర ఉంటుంది, పెరిగాక రెండడుగులు దాటుతుంది. నీళ్ల ఉప్పు (సాంద్రత కొలతలో) 1.025, వేడి 25–26 డిగ్రీలు. ఇవన్నీ మీకు వచ్చు, మళ్లీ చెప్పను.

అది అసలు బయటికి ఎందుకు వస్తుంది? నీళ్లు బాగాలేకనో, ట్యాంకు నచ్చకనో అని అందరూ అనుకుంటారు. ఒక్కోసారి అదీ నిజమే. కరెంటు పోయి పంపులు ఆగితే ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి కోసం పైకి చేరుతుంది. వేసవిలో మన దగ్గర ఈ భయం ఎక్కువ. కానీ నీళ్లు అద్దంలా ఉన్నా వస్తుంది. సముద్రంలో ఇది ఒడ్డు రాళ్ల మధ్య పీతల్ని వేటాడుతుంది. పీత రాయి మీదికి ఎక్కితే ఇదీ వెనకే ఎక్కుతుంది. గొంతులో దీనికి ఇంకో జత దవడలు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో 2007లో రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ అనే పరిశోధకులు బయటపెట్టారు. బయటి దవడ పట్టుకుంటుంది, గొంతులోది ముందుకు వచ్చి లోపలికి లాక్కుపోతుంది. చాలా చేపలు నోట్లోకి నీళ్లు లాగి వాటితో పాటు తిండిని మింగుతాయి. దీనికి ఆ అవసరం లేదు. 2021లో మెహతా బృందమే స్నోఫ్లేక్‌లకి నీళ్ల బయట వాలు పలక మీద తిండి పెట్టి చూసింది. అవి అక్కడే పట్టుకుని, నీళ్లలోకి తిరిగి రాకుండానే మింగేశాయి. అంటే మీ ట్యాంకు అంచు దానికి ఇంకో ఒడ్డు రాయి మాత్రమే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే మాట: "దాని లావుకి ఆ సందులో దూరదు లెండి."

లావు చూడకండి, తల చూడండి. మోరేకి పొలుసులు లేవు, పక్క రెక్కలు లేవు, మొప్పల మీద డిప్పలు లేవు, ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుందంతే. ఒళ్లంతా జిగురు. బొమ్మిడాయిల్ని బూడిద రాసి తోమినవాళ్లకి ఆ జారుడు ఎలాంటిదో తెలుసు (బొమ్మిడాయి అసలు ఈల్ కాదు, అది వేరే కుటుంబం, మంచినీటిది). ఇక సందులో అడ్డుపడేది పుర్రె ఒక్కటే. పుర్రె దూరిందంటే, ఎంత తిని ఉన్నా మిగతా ఒళ్లు సాగి సన్నబడి వచ్చేస్తుంది. పైగా ఇది వెనక్కి కూడా ఈదగలదు. తోక కొస తలకన్నా సన్నం.

విజయవాడ నుంచి రాసిన చెల్లెలి లెక్క చూడండి. పైపు 25 మిల్లీమీటర్లు, గాజుకి కోసిన రంధ్రం 50. పైపు సరిగ్గా నడిమధ్య ఉంటే చుట్టూ పన్నెండున్నర మిల్లీమీటర్ల సందు. "అంత చిన్న సందులోంచి ఎలా వెళ్లిందండీ" అని అడిగింది. పైపు నడిమధ్య ఉండదమ్మా. పంపు అదురుకి పక్కకు జరుగుతుంది. అప్పుడు ఒక వైపు 25 మిల్లీమీటర్లు నెలవంకలా తెరుచుకుంటుంది. పిల్ల ఈల్‌కి అది సింహద్వారం. ఎప్పుడూ పైపుని ఒక అంచుకి పూర్తిగా తోసి, మిగిలిన ఎదుటి సందే కొలవండి.

హైదరాబాద్‌లో ఒకాయన మూత అంతా బాగానే చేయించారు. కానీ మేత వేసే చిన్న తలుపు తేలికపాటి ప్లాస్టిక్ ముక్క, దాని మీద బరువు లేదు. ఈల్ ఒళ్లంతా కండే. తల ఆనించి ఎత్తితే ఆ ముక్క లేస్తుంది, అది వెళ్లాక మళ్లీ మూసుకుంటుంది. పొద్దున చూస్తే అన్నీ మూసే ఉన్నాయి, ఈల్ లేదు. ఆయన రెండు రోజులు రాళ్లన్నీ తీసి వెతికారు.

డల్లాస్ నుంచి రాసినవారిది ఓవర్‌ఫ్లో పెట్టె. నీళ్లు ఆ పెట్టెలోకి దూకి, పైపు గుండా సంప్‌లోకి పోతాయి. నీళ్లతో పాటు ఈల్ కూడా. స్కిమ్మర్ వెనక దొరికింది వీరికే. పైపులో ఇరుక్కుని ఉంటే నీళ్లు పొంగి గది కూడా మునిగేది. ఓవర్‌ఫ్లో పెట్టెకి పైన జాలి, పైపు మూతికి జల్లెడ, రెండూ ఉండాలి.

నా పద్ధతి ఇది. పూర్తి గాజు మూత నేను వాడను. వేసవిలో వేడి లోపలే ఉండిపోతుంది, గాలి ఆడదు. అల్యూమినియం ఫ్రేముకి 6 మిల్లీమీటర్ల కళ్లున్న నైలాన్ జాలి బిగించి, నాలుగు మూలలా క్లిప్పులు పెడతాను. ఇనుప జాలి వద్దు, ఉప్పు గాలికి నెలలో తుప్పు రాలుతుంది. వైర్లు వెళ్లే చోట అక్వేరియం స్పాంజి ముక్క కుక్కి, కేబుల్ టైతో జాలికి కట్టేస్తాను. ఊరికే కుక్కితే ఈల్ నెట్టేస్తుంది. సరిచూడటానికి పిల్లల స్కెచ్ పెన్ను చాలు. అది దూరిన ప్రతి సందునీ మూయండి.

నేల మీద దొరికితే ఏం చేయాలి? చచ్చిపోయిందని వెంటనే తేల్చేయకండి. నా మొదటి ఈల్ చెప్పుల స్టాండు వెనక దొరికింది. ఒంటి నిండా దుమ్ము, వెంట్రుకలు అంటుకుని, ముట్టుకుంటే పాత తోలులా ఉంది. గుడ్డతో తుడవబోయి ఆగాను, జిగురు పోతే చర్మం పోయినట్టే. ట్యాంకు నీళ్లు బకెట్లోకి తీసుకుని, అందులో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి, మెల్లగా వదిలాను. అడుగున పక్కకు ఒరిగి పడి ఉంది. దుమ్ము దానంతట అదే పొరలుగా ఊడి తేలింది. నలభై నిమిషాలకు కింది దవడ ఒక్కసారి కదిలింది. చాలాసేపటికి మళ్లీ ఇంకోసారి. సాయంత్రానికి మామూలుగా నోరు తెరిచి మూస్తోంది. (అది కోపం కాదు, ఊపిరి. అలా నోటితో నీళ్లు లాగి మొప్పలకు పంపుతుంది.) ఆ తర్వాత ఎనిమిది రోజులు ఏమీ తినలేదు, తొమ్మిదో రోజు తింది.

తిండి అంటే గుర్తొచ్చింది. "కొత్త ఈల్ వారం నుంచి తినడం లేదు, టెన్షన్‌గా ఉంది" అని చాలామంది రాశారు. కొత్త చోట రెండు మూడు వారాలు తినకపోవడం మామూలే. గుహలోకి పట్టకారు దూర్చి బలవంతపెట్టకండి. చూపు అంతంతమాత్రం, వాసనే దానికి దారి. లైట్లు ఆర్పాక, పచ్చి రొయ్య ముక్కని నీటి ప్రవాహం వచ్చే వైపు పట్టుకుని కదలకుండా ఉండండి. ముక్కు మీది రెండు చిన్న గొట్టాలు ముందు అటు తిరుగుతాయి, తర్వాత తల. అప్పటికీ చేతితో ఇవ్వొద్దు, వేలికీ రొయ్యకీ తేడా దానికి తెలియదు. రోజూ రొయ్యే పెట్టకండి. కొన్ని పచ్చి రొయ్యల్లో, చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. పీత, స్క్విడ్ మార్చి మార్చి ఇవ్వండి.

ఇక పగడాల మాట, క్లుప్తంగా. ఈల్ పగడాల్ని తినదు, పడేస్తుంది. కాబట్టి ప్రతి ముక్కనీ రాయికి అతికించాలి. రాళ్లని ఇసుక మీద కాకుండా గాజు అడుగు మీదే ఆనించి, తర్వాత ఇసుక పోయాలి. లేకపోతే ఈల్ కింద తవ్వినప్పుడు రాయి దాని మీదే కూలుతుంది. రొయ్యలు, పీతలు ఆ ట్యాంకులో ఉంచకండి, అవే దాని భోజనం. మన దేశంలో ఉన్నవాళ్లకి ఇంకో మాట: గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఎవరో సముద్రం నుంచి తెచ్చామని అమ్మితే కొనకండి. నా ట్యాంకులో ఉన్నవి ఎండు రాళ్లూ, రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలూ. ఈల్‌కి పగడం కన్నా ఆ పైపే ఇష్టం.

అభ్యాసం. ఇది వారం రోజుల పని, ఒక్క రాత్రి కూడా వదలకండి. మొదటి రోజు మీ ట్యాంకు పైభాగం కాగితం మీద గీసి, ప్రతి సందు దగ్గరా దాని కొలత మిల్లీమీటర్లలో రాయండి. స్కెచ్ పెన్ను దూరినవాటికి ఎర్ర గుర్తు పెట్టి, పడుకునే లోపు మూసేయండి. మిగతా రాత్రుల్లో అర్ధరాత్రి ఒకసారి లేచి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, ఈల్ ఎక్కడుందో, మూతలో ఏ మూలని తలతో తడుముతోందో పది నిమిషాలు చూసి రాసుకోండి. ఏడో రాత్రి బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా పెట్టుకుని, మెయిన్ పంపులన్నీ ఒక గంట ఆపండి. ఆ గంటా అక్కడే కూర్చోండి. అది పైకి వచ్చి మూతని తడిమిన చోటు మీ గీతలో సందుగా లేకపోతే, అక్కడ పెన్ను మళ్లీ దూర్చి చూడండి.