మధ్యాహ్నం కునుకుపాట్లు తగ్గాలంటే

బీసెంట్ రోడ్డులో కొట్లో కూర్చున్నా, ఆటోనగర్ షెడ్డులో పనిచేస్తున్నా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా కళ్ళు వాలిపోవడం మామూలే. ఆ వేళ శరీరంలో చురుకుదనం దానంతటదే తగ్గుతుంది, దానికి మన బెజవాడ ఎండ, కడుపునిండా అన్నం తోడవుతాయి. ఇలాంటి మగతకి మందులేమీ అక్కర్లేదు, కాసేపు కునుకు తీస్తే చాలు.

అలారం పెట్టుకుని, మూడు దాటకముందే, ఇరవై నిమిషాలు పడుకోండి. మంచమెక్కకుండా కుర్చీలో వెనక్కి వాలితే లేవడం తేలిక. అరగంట దాటితే గాఢనిద్ర పట్టేస్తుంది, అందులోంచి లేస్తే తల దిమ్మెక్కి అసలు పడుకోకపోయినా బాగుండేది అనిపిస్తుంది, రాత్రి నిద్ర కూడా చెడుతుంది. పడుకునే ముందు చిన్న కప్పు కాఫీ తాగి చూడండి, అది ఎక్కడానికి ఇంచుమించు అంతే టైమ్ పడుతుంది. సాయంత్రం కాఫీ మాత్రం వద్దు, కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు కావాలి.

పొద్దున్నే అరగంట నడవండి, గుంటూరు వాళ్ళయితే ఎన్టీఆర్ స్టేడియంలో, లేదా మీ వీధిలోనే. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే రాత్రి నిద్ర వేళకి వస్తుంది.

ఇంత చేసినా, రాత్రి 7 గంటలు పడుకున్నా మగత వదలకపోతే మీరు వేసుకునే మందులు చూడండి. జలుబుకి వాడే సెటిరిజిన్, దగ్గు సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫిట్స్ మందులు కొన్ని మగతనిస్తాయి. డాక్టర్‌ని అడిగితే రాత్రికి మార్చొచ్చు, మీ అంతట మీరు మాత్రం మానొద్దు. థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించుకోండి. ఇంట్లోవాళ్ళని మీ గురక గురించి అడగండి. గురక ఉన్నట్టుండి ఆగి, కాసేపు ఊపిరి ఆడక, గుర్రుమంటూ మళ్ళీ మొదలవుతుందంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, ఎంత పడుకున్నా నిద్ర చాలదు. దానికి సీప్యాప్ మెషీన్ (పడుకున్నప్పుడు మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) బాగా పనిచేస్తుంది.

మోడాఫినిల్ అనే బిళ్ళ ఉంది, మెలకువగా ఉంచుతుంది. నార్కోలెప్సీకి (పగటిపూట ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు), నైట్ షిఫ్టుల వల్ల వచ్చే మగతకి డాక్టర్లు రాస్తారు. పరీక్షలకి చదివే పిల్లలు ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొనుక్కోవడం చాలా తప్పు, గుండె జబ్బున్నవాళ్ళకి ప్రమాదం కూడా. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఇది వాటి పనితనాన్ని తగ్గిస్తుంది.

గుంటూరు-విజయవాడ హైవే మీద బండి నడుపుతూ ఒక్కసారి రెప్ప పడిందా, ఏసీ పెంచడం, పాటలు పెట్టడం నమ్ముకోకండి. మంగళగిరి దగ్గర రోడ్డు దిగి, టీకొట్టు పక్కన ఆపి, ఆ ఇరవై నిమిషాలూ అక్కడే పడుకుని బయలుదేరండి.