సర్వర్ కార్డుతో గేమింగ్: టెస్లా పీ40ను ఇంటి కంప్యూటర్‌లో పనిచేయించే విధానం

డేటా సెంటర్లు కొత్త తరం కార్డులకు మారినప్పుడల్లా పాతవి కుప్పలుగా సెకండ్ హ్యాండ్ అమ్మకానికి వస్తాయి. వాటిలో ఎన్‌విడియా టెస్లా పీ40 వివరాలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. 2016లో వచ్చిన ఈ కార్డులో ఉన్నది జీటీఎక్స్ 1080 టీఐలో వాడిన జీపీ102 చిప్పే. పైగా 1080 టీఐలో 3,584 కోర్లు ఉండగా ఇందులో 3,840 ఉన్నాయి, మెమరీ కూడా 11 జీబీకి బదులు 24 జీబీ. అయితే ఆ చవక ధర ఒట్టి కార్డుకు మాత్రమే. దీనికి సొంత ఫ్యాన్ లేదు, మానిటర్ తగిలించే పోర్టు లేదు, మామూలు గ్రాఫిక్స్ పవర్ కేబుల్ దీనికి పట్టదు, విండోస్‌లో పెట్టగానే గేమ్ నడిపే స్థితిలోనూ ఉండదు. ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చును, శ్రమను కలుపుకున్న తర్వాత కూడా లాభమనిపిస్తేనే కొనాలి. అంతే ధరకు మంచి స్థితిలో ఉన్న పాత గేమింగ్ కార్డు దొరికితే దాన్నే తీసుకోమని నా సలహా. ఇళ్లలో ఏఐ భాషా నమూనాలు నడుపుకునేవారు 24 జీబీ మెమరీ కోసం ఈ కార్డుల వెంట పడుతున్నారు కాబట్టి, ఒకప్పటి చవకతనం ఇప్పుడు అన్నిచోట్లా దొరకదు.

ఏ కార్డు తీసుకోవచ్చు, ఏది వద్దు

పీ40లో ఉన్నది జీడీడీఆర్5 మెమరీ. దాని వేగం సెకనుకు 346 జీబీ కాగా, 1080 టీఐ మెమరీ వేగం 484 జీబీ. అందువల్ల కోర్లు ఎక్కువున్నా 4కే రిజల్యూషన్‌లో ఇది వెనకబడుతుంది, 1080పీలో ఆ తేడా అంతగా తెలియదు. దీనికంటే పాతదైన టెస్లా ఎమ్40లో మాక్స్‌వెల్ తరానికి చెందిన జీఎమ్200 చిప్పు, 3,072 కోర్లు ఉంటాయి. బాగా చవకగా వస్తే అదీ పనికొస్తుంది. చిన్న కేబినెట్ ఉన్నవారికి టెస్లా పీ4 సరిపోతుంది. అది సగం ఎత్తు కార్డు, 75 వాట్లకు మించదు, స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. అయితే ఆ 75 వాట్ల హద్దు వల్ల అందులోని 2,560 కోర్లు పూర్తి వేగంతో పరుగెత్తలేవు.

టెస్లా కే80 జోలికి మాత్రం వెళ్లవద్దు. 24 జీబీ అని రాసి ఉన్నా అది రెండు చిప్పుల కార్డు, ఒక్కో చిప్పుకు వచ్చేది 12 జీబీయే. గేమ్ వాడుకునేది ఒకే చిప్పును, పైగా అది చెందిన కెప్లర్ తరానికి డ్రైవర్లు 470 శ్రేణితోనే ఆగిపోయాయి. కొత్త కార్డయితే మేలనే లెక్క కూడా ఇక్కడ పనిచేయదు. ఎన్‌విడియా హెచ్100లో గ్రాఫిక్స్ పని చేయగలిగినవి రెండు టీపీసీలు (కోర్ల గుంపులు) మాత్రమే, ఏఎమ్‌డీ ఎమ్ఐ100లోనైతే బొమ్మలు గీసే భాగాన్నే తీసేశారు. గేమ్‌ల దృష్టితో చూస్తే కార్డు ఎంత కొత్తదైతే అంత నిరుపయోగం కావచ్చు.

కొనకముందే మీ కంప్యూటర్‌ను పరీక్షించండి

ముందుగా ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందో లేదో చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే లేదని అర్థం. అలాంటప్పుడు మానిటర్ కోసం మరో చిన్న గ్రాఫిక్స్ కార్డు, దానికో స్లాటు కావాలి. ఆ రెండో కార్డు కూడా ఎన్‌విడియాదే అయితే రెండింటికీ ఒకే డ్రైవర్ కుదరక చిక్కులు రావచ్చు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే ఈ గొడవ ఉండదు.

తర్వాత బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగులు) తెరిచి ‘అబవ్ 4జీ డీకోడింగ్’ అనే ఆప్షన్ కోసం వెతకండి. గేమింగ్ కార్డు సాధారణంగా తన మెమరీలో చిన్న ముక్కనే ప్రాసెసర్‌కు చూపిస్తుంది, సర్వర్ కార్డు మొత్తం మెమరీని ఒకేసారి చూపించడానికి పెద్ద చిరునామా స్థలం అడుగుతుంది. ఆ ఆప్షన్ ఆన్‌లో లేకపోతే కొన్ని బోర్డులు అసలు స్టార్ట్ కావు, మరికొన్ని విండోస్ దాకా వెళ్లి డివైస్ మేనేజర్‌లో ‘కోడ్ 12’ అనే పసుపు గుర్తు చూపిస్తాయి. పాత బూట్ పద్ధతికి వీలు కల్పించే సీఎస్ఎమ్ ఆప్షన్‌ను ఆఫ్ చేసి, విండోస్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి ఉండాలి. చాలా పాత బోర్డుల్లో ‘అబవ్ 4జీ డీకోడింగ్’ ఆప్షనే ఉండదు. అలాంటి బోర్డు మీదైతే ఇక ముందుకు వెళ్లకపోవడమే మంచిది.

కార్డు పొడవు సుమారు 267 మిల్లీమీటర్లు. దాని చివర ఫ్యాన్ కూడా వస్తుంది కాబట్టి మరో పది సెంటీమీటర్లయినా ఖాళీ ఉండేలా కేబినెట్‌ను టేపుతో కొలుచుకోండి.

పవర్ కేబుల్: తొందర పనికిరాదు

పీ40కి ఉన్న 8 పిన్నుల సాకెట్టు గ్రాఫిక్స్ కార్డుల్లో కనిపించేది కాదు. అది మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఈపీఎస్ రకం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, తీగలు మాత్రం తలకిందులు. ఈపీఎస్ ప్లగ్గులో లాక్ క్లిప్ ఉన్న వైపు నాలుగూ 12 వోల్టుల తీగలు, ఎదుటి వైపు నాలుగూ గ్రౌండ్. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్లగ్గులో క్లిప్ వైపు గ్రౌండ్ ఉంటుంది, 12 వోల్టులు ఎదుటి వైపు ఉంటాయి. పిన్నుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా ఒకదానిలో ఒకటి దూరదు, కానీ బలంగా నొక్కితే దూరే ప్లగ్గులూ ఉన్నాయి. అలా నొక్కితే నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

మీ పవర్ సప్లైలో రెండో ఈపీఎస్ కేబుల్ ఖాళీగా ఉంటే అంతకంటే మంచి దారి లేదు. లేకపోతే రెండు 8 పిన్నుల పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్లగ్గులను ఒక ఈపీఎస్‌గా మార్చే అడాప్టర్ కొనాలి. కార్డు 250 వాట్లు లాగుతుంది, ఒక్కో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్లగ్గు హద్దు 150 వాట్లు, కాబట్టి రెండింటినీ తగిలించాలి, వీలైతే పవర్ సప్లై నుంచి విడివిడిగా వచ్చే రెండు కేబుళ్లకు. నేను మొదట తెప్పించిన అడాప్టర్‌లో తీగలన్నీ నల్లరంగువే, ఏది ఏదో చూసి చెప్పే వీలు లేదు. కార్డుకు పెట్టకముందే పవర్ సప్లై ఆన్ చేసి, మల్టీమీటర్ నల్ల మొనను కేబినెట్ ఇనుముకు ఆనించి, ఎర్ర మొనతో ఒక్కో రంధ్రాన్నీ తాకి చూశాను. క్లిప్ వైపు నాలుగింటిలోనూ 12 రావలసి ఉండగా ఒకదానిలో సున్నా వచ్చింది. ఆ అడాప్టర్ చెత్తబుట్టలోకి వెళ్లింది. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, దయచేసి మానకండి.

గాలి

ఈ కార్డుకు హీట్ సింక్ ఉంది, ఫ్యాన్ లేదు. సర్వర్ లోపల ముందు వరుసలో గట్టిగా తిరిగే ఫ్యాన్లు ఒక చివర నుంచి మరో చివరకు గాలిని తోస్తాయని నమ్మి దీన్ని చేశారు. ఇంటి కేబినెట్‌లో అలాంటి గాలి ఎక్కడా ఉండదు. నేను మొదట ఒక 120 మిల్లీమీటర్ల కేబినెట్ ఫ్యాన్‌ను అట్టముక్కలతో, టేపుతో కార్డు చివర అంటించాను. గేమ్ నాలుగైదు నిమిషాలు చక్కగా నడిచింది. ఆ తర్వాత ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటింది, 70 ఉన్న ఫ్రేములు 20 దరిదాపులకు పడిపోయాయి. ఫ్యాన్ పెద్దదే, గాలీ చాలానే వస్తోంది, కానీ హీట్ సింక్‌లోని సన్నటి రేకుల మధ్య నుంచి గాలిని తోయడానికి కావలసినది ఒత్తిడి. మామూలు కేబినెట్ ఫ్యాన్‌కు అది ఉండదు.

ఒత్తిడితో గాలిని తోసే బ్లోయర్ రకం ఫ్యాన్ గానీ, వేగంగా తిరిగే 40 మిల్లీమీటర్ల సర్వర్ ఫ్యాన్ల జత గానీ వాడాలి. రెండోది చెవులు చిల్లులు పడేంత గోల చేస్తుంది కాబట్టి నా ఓటు బ్లోయర్‌కే. ఫ్యాన్‌ను కార్డుకు కలిపే తొట్టిని త్రీడీ ప్రింటర్‌తో చేసి అమ్మేవారు ఉన్నారు, డిజైన్లు ఉచితంగానూ దొరుకుతాయి. తొట్టికీ కార్డుకూ మధ్య సందు ఉంటే గాలి సులువైన దారి చూసుకుని అక్కడి నుంచే తప్పించుకుంటుంది, ఆ సందును ఫోమ్ టేపుతో మూసేయండి.

మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్నులు సాధారణంగా ఒక ఆంపియర్ వరకే ఇస్తాయి. బ్లోయర్ మీద అంతకు మించి రాసి ఉంటే కరెంటును నేరుగా పవర్ సప్లై నుంచి తీసుకుని, వేగం చెప్పే తీగను మాత్రం బోర్డుకు ఇవ్వాలి. కార్డు ఎంత వేడెక్కిందో బోర్డుకు తెలియదు కాబట్టి, విండోస్‌లో ‘ఫ్యాన్ కంట్రోల్’ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, కార్డు ఉష్ణోగ్రతను బట్టి ఆ ఫ్యాన్ తిరిగేలా అమర్చుకోవచ్చు.

బొమ్మ మానిటర్‌కు చేరే దారి

మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకే తగిలించాలి. గేమ్ బొమ్మను పీ40 గీస్తుంది, తయారైన ఫ్రేమును పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు మీదుగా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు పంపుతుంది, అది తెర మీద చూపిస్తుంది. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లు చేసేదీ ఇదే. ఈ చేరవేతకు ఎంత భారం పడుతుందో లెక్క వేసుకోవచ్చు. 1080పీ ఫ్రేము ఒకటి సుమారు 8.3 ఎంబీ, సెకనుకు 60 ఫ్రేములంటే అర జీబీ. మూడో తరం స్లాటులో 16 లేన్లు (డేటా వెళ్లే దారులు) ఉంటే సెకనుకు 15 జీబీకి పైగా వెళ్తుంది, కాబట్టి అది లెక్కలోకే రాదు. 4కేలో 120 ఫ్రేములంటే మాత్రం దాదాపు 4 జీబీ అవుతుంది. కార్డును నాలుగు లేన్ల స్లాటులో పెట్టినవారికి దారి అక్కడే నిండిపోతుంది. కాబట్టి కార్డు పై స్లాటులోనే ఉండాలి.

డ్రైవర్

సర్వర్ కార్డులు విండోస్‌లో టీసీసీ అనే పద్ధతిలో మొదలవుతాయి. ఆ పద్ధతిలో లెక్కలు నడుస్తాయి గానీ గేమ్‌లు బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్ ఎక్స్ ఉండదు, కాబట్టి గేమ్‌కు కార్డు కనిపించదు. దాన్ని మామూలు గ్రాఫిక్స్ కార్డులు వాడే డబ్ల్యూడీడీఎమ్ పద్ధతికి మార్చాలి. డ్రైవర్ వేసిన తర్వాత అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ విండో తెరిచి, ‘ఎన్‌విడియా-ఎస్ఎమ్ఐ’ కమాండుకు ‘డీఎమ్’ ఆప్షన్ జోడించి సున్నా విలువ ఇచ్చి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. కొన్ని కార్డులు దీనికే ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో డిస్‌ప్లే అడాప్టర్ల విభాగానికి వెళ్లి, పీ40 పేరున్న కీలో ‘అడాప్టర్‌టైప్’ విలువను 1గా మార్చి, ‘ఎనేబుల్ఎమ్ఎస్‌హైబ్రిడ్’ అనే డీవర్డ్ విలువను 1గా పెట్టాలి. ముందుగా ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. కొత్త డ్రైవర్ వేసిన ప్రతిసారీ ఈ మార్పులు చెరిగిపోతాయి, నిన్న నడిచిన గేమ్ ఇవాళ నత్తలా పాకితే మొదట చూడవలసింది ఇక్కడే.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరుసగా తెరిచి, గేమ్ ఫైలును జోడించి, హై పర్ఫార్మెన్స్ ఎంచుకోండి. అక్కడ పీ40 పేరు కనిపిస్తే పని దాదాపు అయిపోయినట్టే.

ఇంకో రెండు చిన్న మార్పులు ఉన్నాయి. ఈసీసీ అనే తప్పుల దిద్దుబాటు ఆన్‌లో ఉంటే పీ40 మెమరీలో కొంత భాగాన్నీ, వేగాన్నీ తినేస్తుంది, గేమ్‌లకు దానితో పని లేదు. అదే కమాండులో ‘ఈ’ ఆప్షన్‌కు సున్నా ఇచ్చి రీస్టార్ట్ చేస్తే ఆగిపోతుంది. ‘పీఎల్’ ఆప్షన్‌తో పవర్ హద్దును 250 నుంచి 180 వాట్లకు తగ్గిస్తే నా దగ్గర ఫ్రేములు కొద్దిగానే తగ్గాయి, ఫ్యాన్ గోల మాత్రం సగమైంది. ఈ హద్దు రీస్టార్ట్‌తో పోతుంది కాబట్టి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి.

ఈ కార్డు నుంచి రే ట్రేసింగ్‌నూ (కాంతి కిరణాల లెక్కతో బొమ్మ గీయడం), డీఎల్ఎస్ఎస్‌నూ (చిన్న బొమ్మను ఏఐతో పెద్దది చేసే ఎన్‌విడియా పద్ధతి) ఆశించవద్దు, పీ40 చెందిన పాస్కల్ తరానికి ఆ యూనిట్లే లేవు. అలాగే బొమ్మను పెద్దది చేసే ఏఎమ్‌డీ ఎఫ్ఎస్ఆర్ మాత్రం, మూడో వెర్షన్ వరకు, దీని మీదా పనిచేస్తుంది. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు ఎన్‌విడియా 580 శ్రేణినే చివరి డ్రైవర్ శ్రేణిగా ప్రకటించింది, ఆ తర్వాతి శ్రేణుల్లో ఈ కార్డుకు చోటు లేదు. మీ దగ్గర సరిగ్గా నడిచిన డ్రైవర్ ఇన్‌స్టాలర్‌ను, పైన చెప్పిన రిజిస్ట్రీ ఎక్స్‌పోర్ట్ ఫైలును ఒకే ఫోల్డర్‌లో పెట్టి, విండోస్ తనంతట తాను డ్రైవర్లను మార్చకుండా అప్‌డేట్ సెట్టింగ్‌లో ఆపేయండి.