లైటు వెలుగుతూనే ఉంది, పోలీసులు ఎందుకు ఆపారు?

రాత్రిపూట సైకిల్‌కు లైటే లేకుండా దొరికితే వాదించడానికి ఏమీ లేదు. అసలు చికాకు లైటు ఉండి కూడా ఆగాల్సి వచ్చినవారిది.

వెనక లైటు వేసే ఉంది, లేదన్నారు

మీరు చూసేది సీటు మీద నుంచి, పోలీసు చూసేది వెనక నుంచి. సీటు కింద బిగించిన లైటును పొడవాటి కోటు అంచో, వేలాడే సంచో, క్యారియరు మీది మూటో కప్పేస్తుంది. మీట నొక్కారా లేదా అన్నది చట్టానికి పట్టదు, కనిపిస్తోందా లేదా అన్నదే లెక్క. కాలిఫోర్నియాలోనైతే ముందు లైటు 300 అడుగుల దూరానికి కనిపించాలని స్పష్టంగా రాసి ఉంది. రోజూ వేసుకునే బట్టలతో, సంచితో ఎవరినైనా సైకిలెక్కించి, వంద మీటర్లు వెనక్కి నడిచి చూడండి. కనిపించకపోతే లైటును క్యారియరు చివరికో మడ్‌గార్డు మీదికో మార్చండి. అప్పటికీ మసగ్గా ఉంటే మొదట లైటు గాజు మీది బురద తుడవండి, ఆ తర్వాతే బ్యాటరీని అనుమానించండి.

మిణుకుమనే లైటుకు జరిమానా పడింది

ఇది ఊరు మారితే ఎదురయ్యే చిక్కు. బ్రిటన్‌లో 2005 నుంచి మిణుకు లైటుకు అనుమతి ఉంది, అదీ నిమిషానికి 60 నుంచి 240 సార్లు మెరిస్తేనే. జర్మనీలో సైకిల్ లైటు మిణుకుమనకూడదు. నిలకడగా వెలిగే పద్ధతికి మార్చుకుంటే ఈ గొడవ ఉండదు. బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి ఛార్జింగ్ మరవకండి.

ఇంకా చీకటి పడలేదు కదా!

బ్రిటన్ చట్టం చీకటిని కాదు, సూర్యాస్తమయాన్ని చూస్తుంది. ఆకాశం ఎర్రగా ఉండగానే లైటు వేయండి.

సిగ్నల్ దగ్గర ఆగగానే లైటు ఆరిపోతోంది

పాత డైనమో చక్రం తిరిగితేనే పనిచేస్తుంది. ఆగాక కూడా కొన్ని నిమిషాలు వెలిగేలా కెపాసిటర్ (కరెంటును కాసేపు నిలవ ఉంచే భాగం) ఉన్న లైటు వేయించండి. నడుస్తుండగానే మినుకుతుంటే తీగ కన్నా ముందు ఎర్త్ చూడండి: ఒకే తీగ ఉన్న సైకిళ్లలో కరెంటు ఫ్రేము గుండా తిరిగి వస్తుంది, అతుకు దగ్గర తుప్పు పట్టినా రంగు అడ్డుపడినా ఆగిపోతుంది. అక్కడ గీకి శుభ్రం చేస్తే చాలు.

రిఫ్లెక్టరు ఉంది, చాలదా?

చాలదు. తన మీద పడిన వెలుగునే అది తిప్పి పంపుతుంది. పక్క రోడ్డు నుంచి వచ్చే కారు లైట్లు మీ మీద పడేసరికి ఆలస్యమైపోవచ్చు. అలాగని పీకేయకండి, బ్రిటన్‌లో రాత్రిపూట లైట్లతో పాటు వెనక ఎర్ర రిఫ్లెక్టరు, 1985 అక్టోబరు తర్వాత తయారైన సైకిళ్లకు పెడల్ రిఫ్లెక్టర్లు కూడా తప్పనిసరి.

జరిమానా రాసేశారు

జర్మనీలో లైటు లోపానికి 20 యూరోలు, ఇతరులను అపాయంలో పడేస్తే 25, ప్రమాదమే జరిగితే 35. కొన్నిచోట్ల గడువులోగా లైటు బిగించి చూపిస్తే జరిమానా రద్దు చేస్తారు, కాబట్టి కట్టేముందు నోటీసును రెండువైపులా చదవండి. లైటు మూట కింద దాగి ఉంటే అక్కడే మూట జరిపి చూపించండి, గొంతు పెంచకుండా.